రోడ్డు తిరిగింది, వదిన తిరగలేదు

గుమ్మానికి అడ్డంగా పెట్టె పెట్టి, దాని మీదే కూర్చుంది అత్తగారు.

"లే నానమ్మా, పెట్టె కూలుతుంది," అంది మనవరాలు.

"కూలనీ. కొంపే కూలాక పెట్టె ఎంత? మీ అమ్మతో చెప్పు, నేనూ, మీ బాబాయి చిన్నోడూ వెళ్లిపోతున్నామని. వాడు వేరే గది చూసుకున్నాడు. ఇరుకైతే ఏం, మనిషిని మనిషిగా చూస్తే చాలు."

"అమ్మ ఇక్కడే ఉంది కదా. నువ్వే చెప్పు."

"ఆవిడకీ నాకూ మాటల్లేవు."

మాటల్లేని ఆ కోడలు చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది. గోడకు ఎదురుగా నిలబడి, కుడిచేతి వేళ్లను చీమల్లా గోడ మీద పైకి పాకిస్తోంది. భుజం బాగుపడడానికి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన వ్యాయామం అది. వేళ్లు గడ్డం ఎత్తుకు చేరేసరికి, మెడ కింద విరిగి అతుక్కున్న ఎముక దగ్గర సూది దిగినట్టయింది. పళ్లు బిగపట్టి ఇంకో అంగుళం పాకించింది.

స్కూలు బస్సు స్టీరింగు తిప్పిన చెయ్యి అది. ఆ స్కూల్లో బస్సు నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. చీకటి విడకముందే సైకిలెక్కి, నీళ్ల ట్యాంకు వెనక ఎత్తు తొక్కి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని డ్యూటీకి వెళ్లేది. సైకిలు జట్టులో ఆమెకు 'డీజిల్' అని పేరు పెట్టారు. వేగం తక్కువే, కానీ ఎత్తు ఎంత పొడుగున్నా ఇంజను ఆగేది కాదు. జట్టంతా కలిసి కొండదారి మీద పగలంతా తొక్కే పెద్ద సవారీ కోసం ఆమె చలికాలమంతా ఒళ్లు హూనం చేసుకుంది. ఆ సవారీ ఆమె లేకుండానే జరిగిపోయింది.

"వినబడిందని చెప్పమ్మా మీ నానమ్మకి," అంది గోడ వైపే చూస్తూ. "నేను ఎవర్నీ పొమ్మనలేదు. జరిగింది ఒప్పుకోమన్నాను. అంతే."

"ఒప్పుకున్నాడుగా!" అత్తగారు మాటల్లేవన్న సంగతి మర్చిపోయి నేరుగా అరిచింది. "నిన్న అన్నం ముందు కూర్చుని ఒప్పుకున్నాడుగా! ముద్ద నోట్లో పెట్టకుండా లేచిపోయాడు. ఇంకా ఏం కావాలి, వాడి చెయ్యి కూడా విరగాలా?"

ముందుగదిలో సుత్తి చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

అక్కడ కోడలి భర్త ఎవరిదో పాత సోఫాకి కొత్త గుడ్డ తొడుగుతున్నాడు. అదే అతని పని. చిన్న మేకులు గుప్పెడు నోట్లో వేసుకుని, ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చుకుని కొడతాడు. ఇంట్లో గొడవ మొదలైతే చాలు, అతని నోరు మేకులతో నిండిపోతుంది. అడిగినదానికి ఊఁ అనడు, ఉహూఁ అనడు.

నిన్న మరిది ఒప్పుకున్నమాట నిజమే. "అవును వదినా. దిగుడులో నా సైకిలే నీకు తగిలింది," అన్నాడు. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట కోసమే ఆమె ఇల్లు నెత్తికెత్తుకుంది. మాట దక్కాక నిద్ర పట్టాలి కదా? పట్టలేదు.

ఎందుకంటే ఆ మరిదికి జట్టులో పేరు 'బ్రేకు'. దిగుడు కనబడితే చాలు, రెండు చేతుల్తో బ్రేకులు నొక్కుకుంటూ, పక్కవాళ్లకు ఎడంగా జరిగి, పెళ్లికూతురు నడిచినట్టు దిగుతాడు. అందరూ నవ్వినా వేగం పెంచడు. అలాంటివాడు దిగుడులో మీదికొచ్చి గుద్దాడా?

ఆమెకు గుర్తున్నది కొంచెమే. ఎత్తు మీద ఆగి నీళ్లు తాగడం గుర్తుంది. ఆ తర్వాత కంకరలో పడి ఉండడం, పైన ఆకాశం, ఆకాశానికి అడ్డంగా మరిది ముఖం. నడిమధ్య ఏమీ లేదు. తలకి దెబ్బ తగిలితే అలాగే అవుతుందని డాక్టరు అన్నాడు. ఆ ఖాళీలో మరిదిని ఆమే నిలబెట్టింది. పక్కన ఉన్నది అతనొక్కడే మరి.

చెయ్యి గోడ మీంచి దించి వరండాలోకి వెళ్లింది.

మరిది తన సైకిలు చక్రాలు ఊడదీస్తున్నాడు. ముందుచక్రం అప్పటికే గోడకి ఆనించి ఉంది. ఆమె పడ్డ రోజు నుంచీ ఆ సైకిలు ఇంటికి రాలేదు. తను పనిచేసే కళ్లజోళ్ల షాపు వెనక పెట్టుకున్నాడు. సామాను సర్దుకోవడానికి ఇవాళే తెచ్చాడు.

ఆమె అలాగే నిలబడి చూసింది. హ్యాండిలుకి చుట్టిన తెల్లటి టేపు ఎక్కడా చెదరలేదు. పెడలు అంచు కొత్తదిలా మెరుస్తోంది.

"నువ్వు నాకు ఏ పక్కనుంచి తగిలావు?"

అతను పానా ఆపాడు. "నిన్న చెప్పాను కదా వదినా."

"తగిలానన్నావు. ఏ పక్కో చెప్పలేదు."

"ఎడమ పక్క."

"అక్కడ రోడ్డు ఎడమకి తిరుగుతుంది. నువ్వు ఎడమ పక్కన ఉంటే లోపలి వైపు ఉన్నట్టు. సరే. నా హ్యాండిలుకి తగిలావా, చక్రానికా?"

"హ్యాండిలుకి."

"హ్యాండిలుకి హ్యాండిలు తగిలి, నేను ఎగిరి కంకరలో పడ్డాను. నువ్వు మాత్రం కాలైనా కింద పెట్టకుండా నిలబడ్డావు. నీ టేపు మీద గీత లేదు. పెడలు మీద గీత లేదు. నేను బస్సు నడిపేదాన్నిరా. ఏ బండి ఏ బండికి ఎక్కడ రాసుకుందో గీత చూస్తే తెలుస్తుంది నాకు. ఏ గీతా లేదంటే ఏం అర్థం?"

మరిది ముఖం పాలిపోయింది. లోపల సుత్తి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"నన్నొదిలెయ్ వదినా. నేను ఒప్పుకున్నాను, వెళ్లిపోతున్నాను. ఇక ఇది ఇంతటితో పోనీ."

"చెయ్యని తప్పు ఒప్పుకుని ఎక్కడికి పోతావు?"

అత్తగారు వరండా తలుపు దగ్గరకొచ్చింది. "చెయ్యలేదా? చిన్నోడా, నువ్వు చెయ్యలేదా? మరి ఎందుకన్నావురా?"

అతను పానా కింద పెట్టాడు. మసి చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు.

"నేను నీ పక్కన లేను వదినా. వెనక ఉన్నాను. చాలా వెనక. నా సంగతి నీకు తెలుసుగా."

"మరి?"

"నువ్వు మామూలుగానే దిగుతున్నావు. మలుపు దగ్గరికొచ్చావు. నేను నిన్నే చూస్తున్నా. రోడ్డు తిరిగింది, నువ్వు తిరగలేదు."

"అంటే?"

"తిన్నగా వెళ్లిపోయావు. బ్రేకు నొక్కలేదు. హ్యాండిలు తిప్పలేదు. రోడ్డు ఇంకా ముందుకే ఉన్నట్టు, తిన్నగా కంకరలోకి. నేను అరిచాను. పేరు పెట్టి అరిచాను, వదినా అని అరిచాను. నీకు వినబడలేదు."

"కంకర మీద జారి ఉంటాను."

"జారలేదు. పడ్డాక నేను పరిగెత్తుకొచ్చాను. నీ కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నావు, కానీ నన్ను చూడట్లేదు. నోరు ఏదో చప్పరిస్తున్నట్టు ఆడుతోంది. ఎడమచెయ్యి నీ చొక్కా బొత్తాన్ని పట్టుకుని లాగుతోంది, వదులుతోంది. కాసేపటికి, 'ఏంట్రా, ఎందుకలా మీదకొచ్చావు?' అన్నావు. అప్పుడే నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత మళ్లీ పోయింది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు తనదిలా లేదు.

"తలకి దెబ్బ తగిలింది కదా. పడ్డాక ఎవరైనా అలాగే ఉంటారు."

"పడ్డాక కాదు వదినా. పడకముందే నువ్వు లేవు."

మరిది మోకాలు తగిలి సైకిలు వెనకచక్రం నెమ్మదిగా తిరిగింది. టిక్కు టిక్కుమని చప్పుడు. మరిది చెయ్యి పెట్టి దాన్ని ఆపాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

అతని కళ్లు ఆమె భుజం మీదుగా ముందుగది వైపు వెళ్లి, చప్పున కిందికి దిగాయి. ఆ చూపు చాలు. ఆమె వెనక్కి తిరిగింది.

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరచేతిలో మేకులు. ఎప్పుడు ఉమ్మాడో, అన్నీ తడిగా ఉన్నాయి.

"మీకు తెలుసా?"

అతను మేకులకేసి చూశాడు.

"మిమ్మల్నే. తెలుసా?"

"ఆసుపత్రిలోనే చెప్పాను అన్నయ్యకి," అన్నాడు మరిది. "ఆ రోజే."

ఆ రోజే! ఆ రోజు నుంచీ ఈయన తన మంచం పక్కన కూర్చున్నాడు. కట్టు ఒరుసుకుంటోందంటే మెత్తటి ఫోము కోసి మెడ కింద పెట్టాడు. జడ వెయ్యడం నేర్చుకున్నాడు. తను మరిదిని నానా మాటలూ అంటుంటే ఎదురుగా కూర్చుని వింటూ, బత్తాయి ఒలిచి తొనలు నోటికందించాడు.

"నేను వాణ్ణి హంతకుడన్నాను," అంది. "మీ ముందే అన్నాను. మీరు తొన గింజ తీస్తున్నారు అప్పుడు. నాకు బాగా గుర్తుంది."

"గట్టిగా అనకు. పిల్ల వింటోంది."

"పిల్ల గురించి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

అత్తగారు పెద్దకొడుకు మీదికి దూసుకొచ్చింది. "పెద్దోడా! తోడబుట్టినవాణ్ణి నిలబెట్టి చెప్పులదండ వేయించావట్రా? వాడు అన్నం మానేస్తే చూశావు, ఇల్లు వదిలి పోతుంటే చూస్తున్నావు, నీ గుండె అదేం గుండెరా? దానిక్కూడా గుడ్డ తొడిగి మేకులు కొట్టుకున్నావా?"

"అమ్మా, నేనే అన్నాను," మరిది అడ్డం వచ్చాడు. "కొన్నాళ్లు నా మీద పోనీ, వదిన కోలుకున్నాక చూద్దామని నేనే అన్నాను."

"నోర్మూసుకో! నీకు బుద్ధి లేదు, వాడికి నోరు లేదు. ఇద్దర్నీ కన్నందుకు నన్నెవరైనా సన్మానించండి."

ఇంకో రోజైతే అందరూ నవ్వేవారు.

భర్త ఎట్టకేలకు నోరు విప్పాడు. "స్ట్రెచర్ మీద పడుకుని నువ్వు అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? చెయ్యి గురించి కాదు, నా గురించీ కాదు. 'రేపు నా బస్సు ఎవరు తీస్తారు?' అన్నావు. ఆ మనిషికి ఏమని చెప్పను? నీ తలలో ఏదో ఉంది, ఇక బస్సు లేదు, సైకిలు లేదు అని చెప్పనా? మూర్ఛ లాంటిది ఒక్కసారి వచ్చిందే కదా, అలుపుకి వచ్చిందేమో, నిద్ర చాలక వచ్చిందేమో అనుకున్నాను. సైకిలు మాన్పిస్తే సరిపోతుందనుకున్నాను."

"అందుకా నా సైకిలు అటక మీద పడేశారు? నా మీద ప్రేమ అనుకున్నాను."

"ప్రేమ కాకపోతే ఏంటి మరి?"

ఒక్కసారి వచ్చిందే అన్న మాట దగ్గర ఆమె బుద్ధి ఆగిపోయింది. నిజమే కదా, ఒక్కసారే కదా. ఆ రోజు ఎండ ఉంది. పొద్దున సరిగ్గా తినలేదు. ఒక్కసారికి ఇంత...

"బాబాయ్."

కూతురు. ఎప్పుడొచ్చిందో, నానమ్మ వెనక నిలబడి ఉంది.

"అమ్మ నోరు చప్పరించిందన్నావు కదా. ఇలాగేనా?" పెదాలు కలిపి, విడదీసి చూపించింది. తింటున్నట్టుగా, కానీ ఏమీ లేకుండా. "చేత్తో బట్ట ఇలా లాగుతూనా?"

మరిది కళ్లు పెద్దవయ్యాయి. అతను చేసి చూపించలేదు. చెప్పడమే చెప్పాడు. ఆ పిల్ల చేసింది మాత్రం అచ్చం అదే.

"నువ్వెక్కడ చూశావే?" అన్నాడు తండ్రి.

"వంటింట్లో చూశాను. నేను పిలుస్తుంటే పలకదు. చీర అంచో, కొంగో లాగుతూ ఉంటుంది. కోపమొచ్చిందేమో అనుకునేదాన్ని. మార్కులు తక్కువొచ్చినప్పుడు ఓసారి అలాగే చేసింది. నాతో మాట్లాడకూడదని చేస్తోందనుకున్నాను." పిల్ల నానమ్మ కొంగు పట్టుకుంది. "కాసేపటికి మామూలుగా, 'ఏంటే, అలా చూస్తున్నావ్?' అనేది. నేను సారీ చెప్పేదాన్ని."

"ఎప్పుడు?" అంది ఆమె. "నేను పడ్డాకేనా?"

"కాదు. ముందు నుంచీ."

"ఇంట్లోనే కదా? వంటింట్లోనే కదా?"

కూతురు తలొంచుకుంది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. ఆ పిల్ల చదివేది అదే స్కూల్లో. వచ్చేదీ పోయేదీ అమ్మ నడిపే బస్సులోనే, డ్రైవరు సీటు వెనక సీట్లో.

"చెప్పు తల్లీ. నిన్నేమీ అనను."

"ఓసారి బస్సులో కూడా. సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చ లైటు పడింది. నువ్వు కదల్లేదు. వెనక బళ్లన్నీ హారన్లు కొట్టాయి. పిల్లలంతా 'ఆంటీ నిద్రపోయింది, ఆంటీ నిద్రపోయింది' అని నవ్వారు. నేనూ నవ్వాను."

ఆమెకు ఆ హారన్లు గుర్తున్నాయి.

హారన్లే గుర్తున్నాయి. తలెత్తి చూస్తే పచ్చ లైటు. వెనకవాళ్లకి అంత తొందరేంటని విసుక్కుంది కూడా. గేరు వేసి కదిలింది. అంతకుముందు ఎర్ర లైటు చూసింది, ఆ తర్వాత పచ్చ లైటు చూసింది. ఎర్ర లైటు పచ్చగా మారడం మాత్రం చూడలేదు. అది ఎవరైనా గమనిస్తారా? ఆమె గమనించలేదు.

బస్సు ఆగి ఉన్నప్పుడు వచ్చింది కాబట్టి పిల్లలు నవ్వారు.

వంతెన మీద వచ్చి ఉంటే? సందులో పిల్లలు దిగి బస్సు ముందునుంచి దాటుతున్నప్పుడు వచ్చి ఉంటే? ఎల్‌కేజీ పిల్ల ఒకత్తె, దిగాక అద్దంలోకి చూసి తను చెయ్యి ఊపితే గానీ బస్సును కదలనివ్వదు. ఆ చెయ్యి కళ్ల ముందు ఊగింది.

గోడ పట్టుకుని కిందికి జారి, గచ్చు మీద కూర్చుండిపోయింది. భుజం నొప్పి ఎక్కడికి పోయిందో. ఒంట్లో ఏ నొప్పీ తెలియడం లేదు.

ఇన్నేళ్లూ తన ఒళ్లు తన మాట వింటుందనుకుంది. ఎత్తు మీద తొడలు మండుతుంటే ఇంకో మలుపు అని బతిమాలితే విన్నాయి. చలిలో వేళ్లు కొయ్యబారినా బ్రేకు నొక్కమంటే నొక్కాయి. ఎముక విరిగితే, అతుక్కోమంటే అతుక్కుంది. ఆ ఒళ్లే తనకు చెప్పకుండా తలుపు తీసుకుని బయటికెళ్లి, చప్పుడు కాకుండా తిరిగొస్తోంది. ఎన్నిసార్లు వెళ్లొచ్చిందో ఇంట్లో పిల్లకు తెలుసు, తనకు తెలియదు.

అత్తగారు లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. కోడలి పక్కనే నేల మీద చతికిలబడి, గ్లాసు చేతికిచ్చింది.

"తాగమ్మా," అంది. అమ్మా అని పిలిచి ఎన్నాళ్లయిందో.

"అత్తయ్యా, నేను మీ అబ్బాయిని..."

"తర్వాత చూద్దాం. ముందు తాగు."

మరిది దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె అతని మసి చేతిని పట్టుకుంది. క్షమించమని అడగాలని నోరు తెరిచింది. "టేపు మాసిపోతుందిరా, చేతులు కడుక్కో," అంది చివరికి. అతను తల ఊపి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

అప్పుడు మోగింది ఫోను.

కూతురు తెచ్చి స్పీకరు నొక్కింది. స్కూలు బస్సుల ఇన్‌ఛార్జి. హుషారుగా ఉంది గొంతు.

"అమ్మా, ఎలా ఉన్నారు? చెయ్యి బాగయిందన్నారు కదా, కాస్త ఆదుకోవాలి మీరు. మీ రూటుకి వేసిన కుర్రాడు మానేశాడు. రేపు పొద్దున బండి తీస్తారా?"

అందరూ ఆమె వైపే చూశారు. భర్త తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దు అన్నట్టు. ఏది చెప్పొద్దనో ఆమెకు అర్థమైంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కాసేపాగితే ఈయన మాట వినేస్తుంది, తన మాట తనే వినేస్తుంది. మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుందేమో, ఎవరికీ తెలియక్కర్లేదేమో అని అప్పుడే మనసు ఓ మూల గొణుగుతోంది.

"సార్," అంది. "మీకో మాట చెప్పాలి."

"చెప్పండమ్మా."

వీధిలో ఎవరో షాపు షట్టరు పైకెత్తుతున్నారు. ఆ ఇనుప చప్పుడు గరగరమంటూ పైకి లేస్తోంది. ఆమె గుండె నిండా ఊపిరి తీసుకుంది.

ఒళ్లో చల్లగా ఉంది.

కిందికి చూసుకుంది. చీర తడిసిపోయింది. గ్లాసు దూరంగా దొర్లి ఉంది. షట్టరు చప్పుడు లేదు. అత్తగారు రెండు చేతులతో ఆమె భుజాలు పొదివి పట్టుకుని ఉంది. కూతురు ఏడుస్తోంది. ఫోను కూతురి చేతిలో లేదు, భర్త చేతిలో ఉంది. దాని వెలుగు ఆరిపోయి ఉంది.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారు?" అంది.

అన్నాక, ఆ మాటే తన చెవిన పడింది. వంటింట్లో కూతురితో అనే మాటే అది.

"ఆయనకి చెప్పానా నేను?"

ఆమె మరిది వైపు తిరిగింది.

"బ్రేకూ, నువ్వు చెప్పరా. ఏమన్నాను ఆయనతో?"

మరిది పెదాలు తడుపుకున్నాడు. "'సరే' అన్నావు వదినా. సరే, సరే, సరే అని అంటూనే ఉన్నావు. ఆయన నవ్వి, 'చాలా సంతోషం అమ్మా, రేపు బండి కడిగించి ఉంచుతాను' అని పెట్టేశాడు."

ఆమె భర్త వైపు చెయ్యి చాచింది.

"ఫోను ఇవ్వండి. ఆయనకి చెప్పాలి."

అతను ఫోనును చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"రేపటి దాకా టైముంది కదా," అన్నాడు మెల్లగా. "కాస్త ఆలోచిద్దాం."

చాచిన చెయ్యి ఆమె దించలేదు.